హాజిరా నడిపిన నడుం దావా

కొత్తకోటలో దూదేకేవాళ్ల ఇళ్లు ఊరికి ఒక అంచున, గాలి ఊరి మీదికి కొట్టని చోట ఉండేవి. దూది ఎగిరొచ్చి కూరల్లో పడుతోందని ఎప్పుడో ఎవరో తగాదా పెడితే పెద్దలు ఆ చోటు చూపించారట. ఆ వరుసలో చివరిది సుభాన్ ఇల్లు. పేరుకు సుభాన్ ఇల్లు గానీ, కప్పు నేయించాలన్నా, చుట్టాన్ని పిలవాలన్నా, వచ్చినవాణ్ణి నొప్పించకుండా పంపించాలన్నా అన్నీ అతని భార్య హాజిరా చేతి మీదుగానే జరిగేవి.

హాజిరా పుట్టింది తిమ్మాజిపేటలో. తండ్రిదీ దూదేకే పనే. చిన్నప్పుడు దూది ఏకే విల్లు ముట్టుకోబోతే, "ఆడపిల్ల ముడితే తీగ సడలిపోతది, దూరం ఉండు" అని తండ్రి కసిరేవాడు. ఆమె దూరంగా కూర్చుని దూదిలోంచి గింజలు ఏరుతూ విల్లు వైపే చూసేది. తీగ మీద కొయ్యగూటం ఎక్కడ పడితే దూది నురగలా లేస్తుందో, ఎక్కడ పడితే ముద్దగా ఉండిపోతుందో చెవితోనే చెప్పగలిగేది. పెళ్లయి కొత్తకోటకు వచ్చాక కూడా గింజలు ఏరడం తప్పలేదు. విల్లు మాత్రం సుభాన్‌దే.

సుభాన్ నెమ్మదైన మనిషి. పనిలో వంక పెట్టేందుకు లేదు. ఒక్కటే గుణం, దాన్ని మంచిదనాలో చెడ్డదనాలో ఊళ్లో ఎవరూ తేల్చుకోలేదు. పెద్దవాడు కనబడితే చాలు, అతని నడుము దానంతట అదే వంగేది. చెయ్యి నేల దాకా దిగి నుదుటికి చేరేది. పెద్దింటి వాకిట్లో పరుపులు ఏకేవాడికి అది పనిలో భాగమే. కానీ సుభాన్ అక్కడితో ఆగేవాడు కాదు.

పక్కింటి ఈదమ్మ ఒకరోజు హాజిరాను పట్టుకుంది. "వదినా, నీ మొగడు ఇయ్యాల పటేల్ గుర్రానికి సలాం కొట్టిండు. నా కండ్లార చూసిన."

"గుర్రం మీద పటేల్ ఉండె గద."

"ఏడున్నడు? గుర్రమొక్కటే గుంజకు కట్టేసుండె."

సాయంత్రం హాజిరా అడిగితే సుభాన్ సిగ్గుపడలేదు. "జీను ఉండె గద. పటేల్ ఆడనే ఏడనో ఉంటడనుకున్న" అన్నాడు.

రెండో ప్రపంచ లడాయి రోజుల్లో పెట్రోలు దొరకడం మానేసింది. ఉన్న ఒకటి రెండు మోటార్లకు వెనక ఇనుప డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవారు. అట్లాంటి బండి ఒకటి గుత్తేదారు అనంతయ్యది. కల్లు గుత్తా పట్టి బాగుపడినవాడు. ఊళ్లో అందరూ దొర అనేవారు. ఆ బండి నడిపే ఖాసిం ఈ ఊరి కుర్రవాడే. బొగ్గు బండితో వచ్చిన చిక్కు ఏమిటంటే, సమనేల మీద బాగానే పోతుంది గానీ ఎత్తు ఎక్కాలంటే ప్రాణం పోతుంది. దిగువలో వేగం అందుకుంటేనే ఎగువ ఎక్కుతుంది. మధ్యలో ఆపితే మనుషులు దిగి తొయ్యాలి.

వనపర్తి దారిలో వాగు ఒకటి అడ్డం వస్తుంది. రెండు వైపులా దిగుడు, నడుమ రాళ్లు పరిచిన దారి. ఆ రోజు సుభాన్ పొరుగూళ్లో బొంతలు ఏకి, విల్లు భుజాన అడ్డంగా వేసుకుని వాగులో నడుస్తున్నాడు. పక్కలంతా ఇసుక కాబట్టి రాళ్ల మీదే నడిచాడు. వెనక మోటారు కూత వినిపించింది. తప్పుకోబోయి తిరిగాడు. తిరిగేసరికి విల్లు కొస బండి ముందు రేకుకు తగిలింది. తగిలిన ఊపుకు మనిషి గిర్రున తిరిగి, నడుము రాతి అంచు మీద పడేలా వెనక్కి పడ్డాడు.

బండిలో ఒక్కడే ఉన్న ఖాసిం పారిపోలేదు. ఎగువ ఎక్కాక బండి ఆపి, వెనక్కి పరుగెత్తి వచ్చి, సుభాన్‌ను ఎత్తి బండిలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చాడు. సుభాన్ మోటారు ఎక్కడం అదే మొదలు, అదే ఆఖరు. తర్వాత చాలాకాలం, నొప్పి సంగతి అడిగితే ఒక మాట చెప్పి, బండి సీటు మెత్తదనం గురించి పది మాటలు చెప్పేవాడు. "లోపల మన దూది కాదే. కొబ్బరి పీచు. గట్టిగుంటది గానీ మస్తుగుంటది."

ఊళ్లో ఎముక పట్టేవాడు వచ్చి, కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి నడుము చుట్టూ మందంగా పట్టు వేశాడు. తాను చెప్పేదాకా విప్పొద్దన్నాడు. సుభాన్ పడుకున్నాడు. లేచి నిలబడగలిగేవాడు, గోడ పట్టుకుని నడవగలిగేవాడు. వంగడమే రాదు. కాదు, వంగడం వచ్చేది, లేవడం వచ్చేది కాదు. ఒకసారి జారిన లోటా కోసం మరిచిపోయి వంగి అట్లాగే ఉండిపోయాడు. చేతులు పట్టి లాగితే కేకపెట్టాడు. చివరికి హాజిరా వెనక నిలబడి, తన మోకాలు అతని నడుముకు ఆనించి, చంకల కింద చేతులు వేసి, విల్లును ఎక్కుపెట్టినట్టు మెల్లగా వెనక్కి తీసింది. అప్పుడుగానీ నిటారు కాలేదు.

దూదేకే పనంతా వంగి చేసేదే. ఇక విల్లు పట్టలేడని హాజిరాకు ఆ రోజే తెలిసింది. సుభాన్‌కు తెలియనీయలేదు.

వనపర్తి కచేరి ముందు చెట్టు కింద అర్జీలు రాసే అబ్దుల్ హమీద్ అనే ముసలాయన ఉండేవాడు. హాజిరా పుట్టింటి వైపు దూరపు చుట్టం. సంత బండిలో కూర్చుని అతని దగ్గరికి పోయింది. జరిగిందంతా విని ఆయన మొదట అడిగింది ఒకటే.

"దవాఖానల చూపించినవా, బేటీ?"

"ఎముక పట్టెటోడు పట్టేసిండు, హమీద్ సాబ్."

"ఆయన పట్టేస్తడు, మున్సిఫ్ ముందట మాట్లాడడు. డాక్టర్ చూసి రాయాలె. దెబ్బ నీలం పోకముందే రాయాలె. ఇంకో మాట, దొర మనిషి ఏమన్న తెస్తే ఇంట్ల పెట్టుకోకు. పిడికెడు గింజలైనా సరే. తిన్నరంటే రాజీ అయినరంటడు. వేలిముద్ర అడిగితే చెయ్యి కడుక్కోని పొయ్యి కాడికి పో."

"మరి ఇంత నష్టం ఎవరు తీర్చాలె?"

"హర్జానా అడుగు. అడిగేది నీ హక్కు. ఇచ్చేది లేనిది కచేరి చూసుకుంటది. గుత్తేదారని భయపడకు. ఆయన బండి, ఆయన నౌకరు."

హక్కు అనే మాట హాజిరా అంతకు ముందు పొలాల తగాదాల్లోనే విన్నది. మనిషి నడుము మీద కూడా ఉంటుందని అనుకోలేదు.

దవాఖానకు బండిలో గడ్డి పరిచి తీసుకుపోయింది. డాక్టరు పట్టు చూసి, లోపల ఏముందో కనబడకుండా ఏం రాయమంటావన్నాడు. సుభాన్ పట్టు విప్పనన్నాడు. "ఆయన విప్పొద్దన్నడు. ఆయన మాట కాదంటే బాగుంటదా?"

"ఆయనకు ఆడికెళ్లి కనబడతదా?" అంది హాజిరా.

"కనబడకపోతే మాత్రం? మాట మాటే."

హాజిరా ఇక వాదించలేదు. దవాఖాన వెనక పొయ్యి మీద నీళ్లు కాచి తెచ్చి, గుడ్డ తడిపి, ఎండిన పిండిని మెల్లగా నానబెట్టి ఊడదీసింది. కింద నడుమంతా నల్లగా, అంచుల్లో పసుపుగా ఉంది. డాక్టరు వేళ్లతో తడిమి చూశాడు. అంతా రాసుకున్నాడు.

ఆ వారంలోనే అనంతయ్య పరామర్శకు వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. సుభాన్ ఏకిన పరుపు మీదే పడుకునే మనిషి. వాకిట్లో నిలబడి, "ఏం సుభాన్, ఎట్లున్నవ్?" అన్నాడు. సుభాన్ మంచం మీద నుంచి లేవబోతే హాజిరా భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఖాసిం జొన్నల మూట తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"మూట మళ్ల బండిల్నే పెట్టించండి దొరా" అంది హాజిరా.

"తినేటియి గదమ్మా. పగ ఏమన్న ఉన్నదా?"

"పగ లేదు దొరా. కచేరిల ఫైసలా అయినంక తీసుకుంటం."

అనంతయ్య మొహం కొంచెం మారింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మూట మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. హాజిరా దాన్ని లోపలికి తేలేదు, బయట పారెయ్యలేదు. సుభాన్ రోజంతా గొణిగాడు, ఇంటికొచ్చిన పెద్దమనిషి చేతిది కాదనడం ఎక్కడన్నా ఉందా అని. రెండో రోజు మూట మూలకు చిల్లి పడి జొన్నలు రాలసాగాయి. హాజిరా కోళ్లు చుట్టూ చేరాయి.

ఈదమ్మ గోడ మీద నుంచి చూసి, "వదినా, నీ కోళ్లు రాజీ అయినయే" అంది.

హాజిరా నవ్వు ఆపుకుంటూ కోళ్లను తరిమి, ఖాసింకు కబురు పంపింది. మూట తీసుకుపోవడానికి వచ్చినవాడు ముఖం చిన్నది చేసుకుని నిలబడ్డాడు.

"అక్కా, నా మీద కోపమా?"

"నీ మీద కోపమెందుకు? ఎత్తుకోని తెచ్చి ఇంట్ల పండబెట్టినవ్. ఒక్కటి చెప్పు. వాగు దిగంగనే మనిషి కనబడ్డడు గద. జర నెమ్మదిగ పోతే ఏమాయె?"

"నెమ్మది చేస్తే ఎగువ ఎక్కదు గదక్కా. బొగ్గు బండి. మధ్యల ఆగితే దిగి నూకాలె. దొరను తెచ్చెటందుకు జల్ది పోవాలని..." అని, అన్నదేమిటో అప్పుడు తెలిసి, మూట భుజానికెత్తుకున్నాడు.

గోడ అవతల ఈదమ్మ పేడ చేత్తో అట్లాగే నిలబడి ఉంది.

హమీద్ రాసిన అర్జీతో కచేరిలో దావా పడింది. వాయిదాలు పడ్డాయి. చివరికి సాక్షుల రోజు వచ్చింది. వనపర్తి పోయే దారి పొడవునా హాజిరా ఒకటే చెప్పింది.

"ఆడ మున్సిఫ్ సాబ్ ఉంటడు. వంగకు. చెయ్యి నుదిటికి పెట్టు, చాలు. వంగినవంటే నడుం బాగున్నదంటరు."

"వంగకపోతే తల బిరుసోడంటరు. తల బిరుసోని మాట ఎవరింటరు?"

"నీ మాట వాళ్లు వినకున్నా మంచిదే. నా మాట నువ్విను."

సుభాన్ వాగు దాటేదాకా ఆలోచించి, "మున్సిఫ్‌కు వంగను, సరేనా" అన్నాడు.

లోపల అంతా ఉర్దూలో నడిచింది. హాజిరాకు సగమే అర్థమైంది. ఖాసిం తెల్లబోయిన మొహంతో, తాను మెల్లగానే వచ్చానని, కూత వేశానని, ఇతనే తిరిగి విల్లుతో బండిని కొట్టాడని చెప్పాడు. హాజిరా వైపు చూడలేదు. తర్వాత ఈదమ్మను పిలిచారు. గుత్తేదారు వకీలు ఆమెను, "నువ్వు గోడ చాటున ఎందుకున్నావు?" అని అడిగాడు.

"గోడ నాది, చాటు నాది. పిడకలు కొట్టుకుంటున్న. చెవులు మూసుకోని కొట్టాల్నా?"

నవ్వారు. కానీ ఖాసిం అన్న మాట ఆమె అన్నట్టే చెప్పింది, బొగ్గు బండి, ఎగువ, నూకుడు, అన్నీ. మున్సిఫ్ రాసుకున్నాడు. డాక్టరు కాగితం చదివారు. వకీలు లేచి, అది పాత సంగతి అన్నాడు. ఇప్పుడు చూడండి, మనిషి కర్రలా నిటారుగా నిలబడ్డాడు, ఏ లోపం ఉంది, ఇంట్లో పని కూడా చేస్తున్నాడని విన్నాం, పెద్దింటి దగ్గర నాలుగు గింజలు రాలతాయని ఆడమనిషి ఆడిస్తున్న ఆట ఇది అన్నాడు. మున్సిఫ్ సుభాన్ వైపు చూశాడు. చేతి కర్ర ఒకటి ఉన్నా, సుభాన్ నిజంగానే చక్కగా నిలబడి ఉన్నాడు. ఆరోగ్యంగా కూడా కనిపించాడు. ఇంట్లో కూర్చున్నందుకు ఒళ్లు కాస్త తేరుకుంది.

ఆ చూపు చూసి హాజిరాకు దావా చెయ్యి దాటిపోతోందని అర్థమైంది.

అదే సమయానికి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడయింది. అనంతయ్య వస్తున్నాడు. హాజిరా సుభాన్‌కూ గుమ్మానికీ నడుమ నిలబడి ఉంది. ఆమె అక్కడే ఉంటే సుభాన్‌కు వచ్చేదెవరో కనబడదు. మున్సిఫ్‌కు వంగనన్నాడు. దొర సంగతి ఇద్దరూ అనుకోలేదు. ఒక్క మాట అంటే చాలు, వంగకని. ఆమె నోట్లో ఆ మాట ఉంది కూడా. అది మింగి, ఒక అడుగు పక్కకు జరిగింది.

అనంతయ్య లోపలికి వస్తూ, అలవాటు కొద్దీ, "ఏం సుభాన్, బాగున్నవా?" అన్నాడు.

సుభాన్ నడుము వంగింది. చెయ్యి నేల దాకా దిగింది.

వకీలు వెంటనే అందుకున్నాడు. "చూశారా హుజూర్. ఎంత చక్కగా వంగాడో."

మున్సిఫ్ తల ఊపి, "సరే. ఇక లెమ్మనండి" అన్నాడు.

సుభాన్ లేవలేదు. చెయ్యి నేల దగ్గరే ఉండిపోయింది. కర్ర జారి పడింది. హాజిరా కాలు ముందుకు పడబోయింది. ఎవరూ అతన్ని ముట్టుకోవద్దని మున్సిఫ్ అన్నాడు. ఆమె ఆగిపోయింది. ఇప్పుడు తాను ముట్టుకుంటే అది ఆడించిన ఆటే అవుతుందని ఆమెకూ తెలుసు. కొంగు అంచు వేలికి చుట్టుకుని నిలబడింది. సుభాన్ చెయ్యి గాల్లో తడుముకుంటూ బల్ల కాలు పట్టుకుంది. అక్కడి నుంచి పైకి పోలేకపోయింది. అతను కేక పెట్టలేదు. పెద్దల ముందు కేక పెట్టడం అతనికి రాదు. గడ్డం మీంచి చెమట బొట్లు బండ మీద పడుతున్నాయి.

మొదట కదిలింది అనంతయ్య. "లేపండయ్యా. వానికి లేవరాదు" అన్నాడు.

వకీలు అతని చెయ్యి పట్టుకోబోయాడు. మున్సిఫ్ ఉర్దూ వదిలి తెలుగులోనే అడిగాడు. "లేవలేడని మీకెట్లా తెలుసు?"

"వాని సలాం నాకు తెల్వదా? మా వాకిట్ల ఎన్నేండ్ల సంది తీసుకుంటున్న. వంగినంత సేపు గూడ పట్టకపోతుండె లేచెటందుకు. గిట్ల ఎన్నడు ఉండలే" అన్నాడు అనంతయ్య. అన్నాక కూర్చున్నాడు.

మున్సిఫ్ హాజిరాకు సైగ చేశాడు. ఆమె వెనక్కి పోయి, మోకాలు ఆనించి, చంకల కింద చేతులు వేసి మెల్లగా తీసింది. సుభాన్ నిటారు అవుతూనే అనంతయ్య వైపు తిరిగి, "మాఫ్ చెయ్యండి దొరా, జర ఆలస్యమైంది" అన్నాడు.

హర్జానా ఇప్పించారు. ఎంత ఇచ్చారో హాజిరా ఎవరికీ చెప్పలేదు. ఈదమ్మ ఏండ్ల తరబడి ఎన్ని దారుల్లో అడిగినా తెలుసుకోలేకపోయింది. సాక్ష్యం చెప్పిన తనకే తెలియకపోవడం ఆమెకు చివరిదాకా మిగిలిన కొరత. ఖాసిం కొన్నాళ్లు ముఖం చాటేసి, తర్వాత ఒక పండగ రోజు వచ్చి వాకిట్లో నిలబడితే హాజిరా లోపలికి పిలిచి సేమియా పెట్టింది.

అయితే ఆ రోజు తర్వాత సుభాన్ నడుము ముందున్నంత కూడా లేదు. నిటారుగా నిలబడ్డ ఆ కొంచెం సుఖమూ పోయింది. ఎడమ పక్కకు ఒరిగి నడిచేవాడు. పొద్దున మంచం మీంచి లేపాలంటే హాజిరా మోకాలు కావలసిందే. ఎందుకిట్లయిందని డాక్టరు అడిగితే, కచేరిలో వంగడం వల్లనేమో అన్నాడు సుభాన్. హాజిరా అప్పుడు గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటోంది.

విల్లు ఆమె పట్టింది. ఆడది పడితే తీగ సడలుతుందని వాడలో నాలుగు రోజులు అన్నారు. ఆమె ఏకిన దూది చూశాక మానేశారు. మొదట ఇంట్లో, తర్వాత వాకిళ్లలో, తర్వాత పొరుగూళ్లలో. వాగు వచ్చినప్పుడు విల్లు భుజం మీంచి దించి, నిలువుగా పట్టుకుని దాటేది. ఎవరింట్లో బండి తగిలినా, గోడ కూలినా, ఆడవాళ్లు ఆమె దగ్గరికే వచ్చేవారు. "ఏడ్చేది రేపు ఏడుద్దువు, ముందుగాల దవాఖానకు పో" అనేది. "వాళ్లు తెచ్చింది కోళ్లకు గూడ పెట్టకు" అని ఈదమ్మ వెనక నుంచి అందుకునేది.

తర్వాతెప్పుడో అనంతయ్య కొడుకు పెళ్లికి పరుపులు ఏకాల్సి వచ్చి ఆమెను పిలిచారు. అనంతయ్య ముసలివాడయ్యాడు. వాకిట్లోకి వచ్చి చాలాసేపు ఆమె పని చూశాడు.

"సుభాన్ ఎట్లున్నడమ్మా?"

"ఉన్నడు దొరా" అంది, గూటం ఆపకుండా. తల మాత్రం ఊపింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తలలోని దూది దులుపుకుంటూ చెప్పింది. "దొర అడిగిండు నిన్ను."

సుభాన్ సంతోషపడ్డాడు. కాసేపటికి, ఏదో కూర సంగతి చెప్పినట్టు, "ఆనాడు కచేరిల నువ్వు పక్కకు జరిగినవ్ గద" అన్నాడు.

హాజిరా చెయ్యి తలలోనే ఆగింది. ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదనుకున్న అడుగు అది. "చూసినవా?" అని అడిగింది.

"ఎందుకు చూడలే? పక్కన్నే ఉంటి గద."

"చూసినోనివి, ఎందుకని తెలిసినోనివి, మరెందుకు వంగినవ్?"

ఆ ప్రశ్న అతనికి వింతగా తోచినట్టుంది. "నువ్వు జరిగితే ఏంది, జరగకుంటే ఏంది? దొర పలకరిస్తే ఊకుంటమా? నువ్వు అడ్డం నిలబడితే నేనే పక్కకు జరిగి వంగుదును" అన్నాడు.

పొయ్యి మీద అన్నం పొంగి మూత కదులుతుంటే హాజిరా లేచి దించింది. తర్వాత అతని వెనక్కి వచ్చి, మోకాలు ఆనించి, చంకల కింద చేతులు వేసి, అన్నానికి లేపింది.